అక్క మిషన్ ఎత్తు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, హైదరాబాద్ శివార్లలో నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో పాత కుట్టుమిషన్లు తీసేసి కొత్తవి పెట్టారు. తీసేసినవాటిలో గట్టిది ఒకటి ఏరుకొని, విప్పి, కడిగి, అరిగిన భాగాలు మార్చి, ట్రాలీ ఆటోలో వేసుకొని మా ఊరికి తీసుకుపోయాను. మాది రామన్నపేట దగ్గర ఒక పల్లె. అక్కడ మా అక్క ఉండేది. ఆమెను మేనత్త కొడుక్కే ఇచ్చారు కాబట్టి పెళ్లయ్యాక కూడా ఆమెకు ఊరు మారలేదు. నీళ్లూ మారలేదు.

మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని చిన్నప్పుడే బడిలో చెప్పారు. తెలిసినా చేసేదేమీ లేదు. ఆ నీళ్లే తాగాం, వాటితోనే వండుకున్నాం, గొర్రెలకూ అవే పెట్టాం. నాకూ అక్కకూ గార పళ్లు. పదో తరగతి కాగానే నేను పని వెతుక్కుంటూ పట్నం పోయి, మిషన్లు బాగుచేయడం నేర్చుకున్నాను. అక్క ఉండిపోయింది. ముప్పై దాటేసరికి ఆమె మోకాళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. మా ఊళ్లో ఇది కొత్త సంగతి కాదు. మా నాయిన చివరి రోజుల్లో నడుము వంగిపోయి, వెల్లకిలా పడుకోలేక, పక్కకు ఒరిగి గోడ వైపు చూస్తూనే పోయాడు. ఆయన సేవంతా అక్కే చేసింది. తనకేం రాబోతోందో ఆమెకు ఇంకొకరు చెప్పే అవసరం లేకుండా పోయింది.

అక్కకు ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల ఐదో తరగతి కాగానే నందికొండలో హాస్టల్ బడికి పంపించేసింది. "ఆడ కృష్ణ నీళ్లు తాగుతది, నాకు గంతే సాలు" అంది. చదువు సంగతి ఆ తర్వాతే అడిగింది. పిల్లను దింపి వచ్చిన రోజు మాత్రం ఏమీ తినలేదని బావ చెప్పాడు.

బావ గొర్రెల కాపరి. మాట తక్కువ. ఎండాకాలం మందను తోలుకొని సాగర్ కాలువ కింది ఊళ్లకు పోయి, వానలు పడ్డాక తిరిగి వచ్చేవాడు. ఆ నెలలన్నీ అక్క ఒక్కతే ఉండేది. ఆమెకు తోడు కాలితో తొక్కే కుట్టుమిషన్. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల డ్రెస్సులు కుట్టేది. మోకాళ్లు మొండికేశాక ఆ తొక్కుడు మిషన్ ఆగిపోయింది. ఒక పండుగకు నేను పోయినప్పుడు చూస్తే దాని మీద మూతకు బదులు గొంగడి కప్పి ఉంది. అక్క దాని పక్కనే కూర్చొని కందులు చెరుగుతోంది. ఆ మధ్యాహ్నమే మోటరు మిషన్ తేవాలని అనుకున్నాను. మోటరు మిషన్‌కు తొక్కే పనిలేదు. పాదం కొంచెం ఆనిస్తే చాలు.

ఆటోలోంచి దించుతుంటే అక్క గుమ్మంలో నిలబడి చూసింది.

"గింత బరువుందేంది తమ్మీ? ఇంట్ల పడతదా ఇది?"

"పడతది. నువ్వు జర జాగా ఇయ్యి."

"దీని జోరుకు నా వేళ్లు ఉంటయా?"

"మెల్లగ నడిపితె మెల్లగనే పోతది అక్కా. నీ కాలు చెప్పినట్టు ఇంటది."

మోటరు మిషన్ బిగించేటప్పుడు ముందు నేల చూసుకోవాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే మోటరు తిరిగినకొద్దీ స్టాండు మొత్తం అదురుతూ జరుగుతుంది. అక్క ఇంట్లో బండలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. కాళ్ల కింద పాత సైకిల్ టైరు ముక్కలు కోసి పెట్టాను. మోటరు కింద బిగించి, బెల్టు తొడిగి, వేలితో నొక్కి చూశాను. బెల్టు మరీ బిగువుగా ఉంటే మోటరు వేడెక్కుతుంది, వదులైతే జారుతుంది. మిషన్ తలను వెనక్కి వాల్చి కింది ట్రేలో గీత దాకా తెల్ల నూనె పోశాను. మొదట గుడ్డ పెట్టకుండా, గుడ్డను నొక్కే పాదం పైకెత్తి, ఖాళీగా తిప్పాలి. పైన చిన్న అద్దం ఉంటుంది. అందులో నూనె చిమ్ముతూ కనబడితే లోపలి భాగాలకు అందుతున్నట్టు లెక్క.

స్విచ్ వేస్తే చక్రం ఎదురు తిరిగింది. వైర్లు అటుదిటు మార్చి మళ్లీ వేశాను. ఈసారి సరిగ్గా తిరిగింది. అక్కను పిలిచి అద్దంలో చూడమన్నాను. ఆమె వంగలేదు. పక్కనున్న బల్ల పట్టుకొని నడుం నుంచి మొత్తం ఒకే కట్టెలా ముందుకు ఒరిగింది. ఆమె మెడ కూడా బిగుసుకుపోయిందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నూనె పారుతాంది" అంది.

"మెడ ఎప్పటి సంది గట్లుంది?"

"అదా, మొన్న ఎండాకాలం సంది. నువ్వు దాని గురించి ఫికర్ చేయకు. మిషన్ సంగతి జూడు."

స్టూలు మీద కూర్చోబెట్టి చూస్తే సూది ఆమె చూపుకు అందలేదు. తల వంచితేనే కనబడుతుంది, తల వంగదు. ఫ్యాక్టరీలో అందరికీ ఒకే ఎత్తు. అక్కకు అది పనికిరాదు. స్టాండు కాళ్లను లాగగలిగినంత పైకి లాగి బిగించాను. అయినా చాలలేదు. మర్నాడు రామన్నపేట పోయి, వెల్డింగ్ షాపులో నాలుగు ఇనుప పైపు ముక్కలు కోయించి కాళ్లకు అతికించాను. పెడల్‌ను కూడా పైకి తెచ్చి, ఆమె కుడికాలు మడవకుండా చాచి పెట్టినా అందేటట్టు పక్కకు జరిపాను. బల్ల వెనక భాగాన్ని కొంచెం లేపాను. ఇప్పుడు మిషన్ ముఖం ఆమె వైపు తిరిగింది. మెడ వంచకుండానే సూది కనబడింది.

మొదటి కుట్టు వంకరగా పోయింది. రెండోది కూడా అంతే. మోటరు ఉరుకుతుంటే భయపడి కాలు తీసేసేది. సాయంత్రానికి ఒక లంగా కుట్టింది. దాన్ని ఎత్తి పట్టుకొని అంచులు లాగి చూసింది. "తొక్కుడు మిషన్ కంటె మంచిగొచ్చింది" అంది. ఆ రోజు ఆమె నవ్వింది. తర్వాత ఏళ్లలో ఆ నవ్వు నాకు చాలా తక్కువగా కనబడింది.

రెండు మూడేళ్లు మంచిగానే నడిచింది. ఊళ్లోవాళ్లే కాదు, పక్క ఊళ్లవాళ్లు కూడా పని తెచ్చి ఇచ్చేవాళ్లు. నేను కుదిరినప్పుడల్లా పోయి మిషన్ చూసేవాడిని. గుడ్డను జరిపే పళ్ల మధ్య ఇరుక్కున్న దూది బ్రష్‌తో తీసేయడం, నల్లబడిన నూనె పారబోసి కొత్తది పోయడం, బెల్టు చూడడం. మధ్యలో ఏమైనా తేడా వస్తే ఫోన్ చేసేది. ఫోన్‌ను మిషన్ మీద పెట్టి నడిపేది.

"ఇంటున్నవా? టకటక అంటాంది."

"బాబిన్ పెట్టె తీసి జూడు. దారం ముక్క ఇరుక్కుందేమో."

"చెయ్యి కిందికి పోతలేదు తమ్మీ. మీ బావ వచ్చినంక తీపిస్త."

ఇలాంటి మాటలతోనే ఆమె బీమారి ఎంత ముదిరిందో నాకు తెలిసేది. ఒంట్లో ఎట్లుందని అడిగితే బాగానే ఉందనేది. మిషన్ గురించి అడిగితే నిజం బయటికి వచ్చేది. మోచేతులు పూర్తిగా చాపలేకపోతోంది కాబట్టి చక్రం అందదు. వేళ్లు కలవవు కాబట్టి సూదిలో దారం ఎక్కదు. గుడ్డను నొక్కే పాదాన్ని మోకాలితో లేపే లివర్ ఉండేది, మోకాలు పక్కకు కదలడం మానేశాక దాన్ని నేనే విప్పేశాను. పోయిన ప్రతిసారీ స్టాండు కాళ్ల కింద ఏదో ఒకటి పెట్టి లేపాల్సి వచ్చేది. పైపు ముక్కలు అయిపోయాక కట్టె దిమ్మెలు పెట్టాను. అక్క తల వెనక్కి వాలిపోతుండేది. చూపు పైకి పోయినకొద్దీ మిషన్‌నూ పైకి తీసుకుపోయేవాడిని. కొత్తవాళ్లు చూస్తే ఆ మిషన్ నిలబడి కుట్టడానికి పెట్టినట్టు ఉండేది.

నల్లగొండ దవాఖానలో ఎక్స్‌రేలు తీశారు. డాక్టర్ వాటిని లైటు డబ్బా మీద పెట్టి చూసి, "నీళ్లు మార్చండి" అన్నాడు. ఎక్కడివి మార్చాలని బావ అడిగాడు. డాక్టర్ చెడ్డవాడేమీ కాదు. కాల్షియం గోలీలు రాసిచ్చాడు.

ఒక ఏడు ఎండాకాలం బావ మందను తోలుకొని పోలేదు. అక్కను ఒంటరిగా వదలడం ఇష్టం లేక ఊరి చుట్టే మేపుకుంటున్నాడు. ఆ రోజు వాకిట్లో గొర్రెపిల్లలకు నీళ్లు పెడుతున్నాడు. లోపల మిషన్ నడుస్తోంది. ఆగాల్సిన చోట ఆగలేదు. లంగా అంచు ఎంత పొడుగుంటుందో, ఎంతసేపటికి మిషన్ ఆగి మళ్లీ మొదలవుతుందో ఆ ఏళ్లలో బావ చెవికి అలవాటైంది. బకెట్ పడేసి లోపలికి పోయాడు.

అక్క కాలు పెడల్ మీద బిగుసుకుపోయింది. తీయాలనుకున్నా రాలేదు. అది అప్పటికే మొద్దుబారుతోందని ఆమె ఎవరికీ చెప్పలేదు. గుడ్డతో పాటు ఎడమచేతి వేలు సూది కిందికి పోయింది. సూది వేలిని కుట్టి, విరిగి, విరిగిన మొదలు మళ్లీ మళ్లీ దిగుతోంది. బావకు స్విచ్ ఎక్కడుందో తెలియదు. గోడ దగ్గర వైరు పట్టి పీకేశాడు. అక్క అరవలేదట. నాకు ఫోన్‌లో చెప్తున్నప్పుడు బావ ఆ మాటే రెండుసార్లు అన్నాడు. "ఒర్రలే. నా దిక్కు జూసింది గంతే."

నేను పోయేసరికి వేలికి కట్టు కట్టించి ఇంటికి తెచ్చారు. బావ గుమ్మంలోనే నన్ను ఆపాడు.

"దాన్ని ఎట్ల తెచ్చినవో గట్లనే తీస్కపో."

"బావా, జర లోపటికి పోనియ్యి. అక్కను జూడనీ."

"చూడు. చూసి మిషన్ తీస్కపో. నా ఇంట్ల అది వద్దు."

లోపలి నుంచి అక్క అంది, "ఎవలేం తీస్కపోరు."

"నీకు కాలు తెల్వకుంటయితాంది. రేపు చెయ్యే పోతది" అన్నాడు బావ లోపలికి వచ్చి.

"పోతె పోనీ. మిషన్ లేకుంటె పొద్దుందాక నేనేం జెయ్యాలె? గోడ జూస్కుంట పండాల్నా? నాయిన జూసిండు కద గోడను. నేను జూడ."

బావ మళ్లీ బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నేను మధ్యాహ్నమంతా మిషన్ దగ్గరే ఉన్నాను. సూదికి ముందు వేలు పోకుండా ఇనుప తీగ కాపు బిగించాను. మోటరుకు చిన్న పుల్లీ వేసి వేగం తగ్గించాను. అక్క ఎడమ మోచేయి ఆనితే చాలు ఆగిపోయేటట్టు బల్ల అంచున ఇంకో స్విచ్ పెట్టాను. బావను పిలిచి అది ఎట్లా పనిచేస్తుందో చూపించాను. ఆయన నాలుగైదుసార్లు తానే నొక్కి చూశాడు. మిషన్ ఉండిపోయింది.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు కూడా తీసుకుపోయాం. వెన్నుపూసల మధ్య ఎముక పెరిగి నరాన్ని నొక్కుతోందని, ఆపరేషన్ చేసినా కాళ్లు వస్తాయని చెప్పలేమని, ఉన్నవి కూడా పోవచ్చని అన్నారు. అక్క వద్దంది. తిరుగు దారిలో బస్సులో ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాం. మెడ తిరగదు కాబట్టి ఎదురుగా ఉన్న సీటు వెనక భాగాన్నే చూస్తూ వచ్చింది. బయట ఏం వస్తోందో మధ్యమధ్యలో నన్ను చెప్పమంది. చౌటుప్పల్ దాకా చెప్పాను. ఆ తర్వాత ఆమె నిద్రపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే కృష్ణ నీళ్లు ఇంటికి వచ్చాయి. వాకిట్లో నల్లా పెట్టారు. మొదటి రోజు బావ గ్లాసులో పట్టి తెచ్చి అక్క నోటికి అందించాడు.

"ఎట్లున్నయే?"

"సప్పగున్నయ్" అంది అక్క. ఇంకో గుక్క తాగి, "మంచి నీళ్లు గిట్లుంటయ్ కావచ్చు" అంది.

బిడ్డను ఇక ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అని నేనన్నాను. అక్క ఒప్పుకోలేదు. పిల్ల పెద్ద తరగతికి వచ్చింది, ఇక్కడికి వస్తే తల్లికి సేవ చేయడంలోనే పడిపోతుందని ఆమె భయం. తాను నాయినకు చేసిన చాకిరీ బిడ్డ తనకు చేయకూడదని ఒకసారి నాతో స్పష్టంగానే చెప్పింది. పిల్ల సెలవులకు వచ్చినప్పుడు మాత్రం, అది లేచేలోపే బావతో తలకు నూనె పెట్టించుకొని, మిషన్ ముందు కూర్చొని ఉండేది. బిడ్డ తనను మంచంలో చూడకూడదని.

కరోనా వచ్చి ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు నేను ఊళ్లోనే ఉండిపోయాను. అప్పటిదాకా నేను చూసింది మిషన్‌నే, అక్క రోజును కాదు. పొద్దున బావ ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి స్టూలు మీద పెట్టేవాడు. మడవని కాళ్లను ఒక్కొక్కటిగా సర్దేవాడు. వెనక్కి పడిపోకుండా తువ్వాలతో నడుమును గోడ మేకుకు కట్టేవాడు. ఎదురు గోడకు అద్దం ముక్క ఒకటి దిగ్గొట్టి ఉంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆమె అందులోనే చూసేది. కుట్టేది చాలా నెమ్మదిగా. ఒక అంచు కుట్టి, ఊపిరి తీసుకొని, మళ్లీ మొదలుపెట్టేది. లంగా గుడ్డలతో మాస్కులు కుట్టింది. ఊళ్లో చాలామంది మూతికి కట్టుకున్నవి ఆమె కుట్టినవే. సాయంత్రం బావ ఆమెను విప్పి మంచం మీద పడుకోబెట్టేటప్పుడు ఆమె పళ్లు గట్టిగా కరుచుకునేది. ఆ శబ్దం నాకు వినబడేది.

ఆ వానాకాలం పోయేలోపే ఆమె కూర్చోలేకపోయింది. కూర్చోబెడితే కళ్లు తిరిగేవి. చేతులు ఛాతీకి దగ్గరగా ముడుచుకుపోయాయి. ఒక రోజు మా ఇద్దరినీ పిలిచింది.

"తమ్మీ, మిషన్ కిందికి దించు. మీ బావ కుడతడు."

బావ నావైపు చూశాడు. "నాకేం వస్తది కుట్టుడు?"

"నేను చెప్త. గొర్లు కాసుడు పుట్టంగనే నేర్చినవా ఏంది?"

అప్పటికే మందలో సగం అమ్మేశాడు. ఆమెను వదిలి మేతకు పోలేడు కాబట్టి మిగిలినవి కూడా అన్న కొడుకులకు అప్పజెప్పాడు. చేయడానికి ఆయనకూ పనిలేదు. నేను కట్టె దిమ్మెలు ఒక్కొక్కటి తీశాను. వెల్డింగ్ పెట్టిన పైపు ముక్కలు రంపంతో కోశాను. స్టాండు కాళ్లను మళ్లీ లోపలికి నెట్టి బిగించాను. అక్క మంచం మీద నుంచి మిషన్ కనబడదు. రంపం శబ్దం ఆగినప్పుడల్లా అడిగేది.

"ఎంత దించినవ్?"

"ఇంక కొంచెం ఉంది."

"మొత్తం దించు. ఆయనకు నడుం నొస్తది."

బావ గొర్రెల కాపరి చేతులతో మిషన్ ముందు కూర్చోవడం ఊళ్లో కొందరికి నవ్వులాటైంది. ఆయన పట్టించుకోలేదు. మంచం మీది నుంచి అక్క శబ్దం విని చెప్పేది. "ఉరికియ్యకు. గుడ్డను గుంజకు, అదే పోతది. మూల కాడ సూది లోపట ఉంచి తిప్పు." ఆయన అలాగే చేసేవాడు. కుట్టింది తెచ్చి ఆమె మొహం ముందు పట్టుకునేవాడు. బాగోకపోతే విప్పమనేది. మారు మాట లేకుండా విప్పేవాడు. వాళ్ల పెళ్లైన అన్ని ఏళ్లలో వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను వినలేదు.

మరుసటి ఎండాకాలం అక్క పోయింది. వీపు మీద పుండ్లు పడ్డాయి, జ్వరం పట్టుకుంది, ఊపిరి ఎగదన్నింది. దవాఖానలు అప్పుడు కరోనా రోగులతో నిండి ఉన్నాయి. తీసుకుపోయినా చేర్చుకునే జాగా లేదు. ఇంట్లోనే, మిట్టమధ్యాహ్నం, బిడ్డ పక్కన ఉండగా పోయింది. శరీరం చక్కగా సాగలేదు. పాడె మీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాం. కట్టేటప్పుడు బావ ఎవరినీ చేయి వేయనివ్వలేదు.

బిడ్డ ఇప్పుడు మిర్యాలగూడలో నర్సింగ్ చదువుతోంది. పళ్లు తెల్లగా ఉంటాయి. వచ్చినప్పుడు బావకు వండిపెట్టి, రెండు రోజులు ఉండి పోతుంది.

బావ ఇప్పటికీ కుడుతున్నాడు. ఎక్కువగా లంగాలు, దిండు గలీబులు, వడ్ల సంచుల మూతులు. మొన్న ఫోన్ చేసి మిషన్ పట్టేసిందని చెప్పాడు. పోయి తల వెనక్కి వాల్చి చూస్తే ట్రేలో నల్లగా, చిక్కగా ఏదో ఉంది.

"ఏం పోసినవ్ బావా?"

"నూనె అయిపోయింది. ట్రాక్టర్ కాడ అడిగి తెచ్చి పోసిన."

"గది ఇంజన్ నూనె. దీనికి పనికిరాదు."

"నాకేం తెల్సు. అది నువ్వూ మీ అక్కా చూసుకునేది."

మొత్తం విప్పాల్సి వచ్చింది. ఒక్కొక్క భాగాన్ని కిరసనాయిల్లో కడిగి గుడ్డ మీద ఆరబెట్టాను. అడుగున ఉన్న మర తీయడానికి వంగబోతే మెడ దగ్గర ఆగిపోయింది. ఈ మధ్య పొద్దున లేచినప్పుడు అట్లాగే ఉంటోంది. ఆ నీళ్లు నేనూ తాగాను కదా పదిహేను పదహారేళ్లు వచ్చేదాకా. ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. ఇంకోసారి వంగి చూశాను.

బావ చూస్తూనే ఉన్నాడు. దగ్గరికి వచ్చి నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

"ఏ మర?"

"ఆ పెద్దదాని పక్కది. ఎడమ దిక్కు తిప్పాలె."

ఆయన బల్ల కింద కూర్చొని తిప్పసాగాడు. నేను స్టూలు మీద కూర్చొని ఏది ముందు తీయాలో చెబుతూ ఉన్నాను.